యంత్రము చుట్టును మూడడుగులు

మేడ్చల్, శామీర్‌పేట పల్లెలలో మోట తోలిన పెద్దలు నేటికిని అక్కడక్కడ కనబడుదురు. వారిలో నెవరినైనను పలుకరించి, బావి త్రవ్వించునపుడు మొదట ఏమి చూచుకొనెడివారని అడిగి చూడుడు. నీటిపట్టు సంగతి చెప్పిన వెంటనే వారు చెప్పెడి రెండవ మాట ఎద్దులు నడచు దారిని గూర్చియే యుండును. బావి యెంత లోతో, గట్టునుండి దిగువకు వాలుగా సాగెడి ఆ దారియు ఇంచుమించు అంత పొడవు. మోట నీటినుండి గట్టునకు వచ్చులోపల మోకు ఎంత సాగవలెనో, ఎద్దులును అంత దూరము నడువవలెను గదా! ఆ దారిపొడుగునను ఒక్క గింజయు పండదు. అయినను ఏ రైతును ఆ నేలను వ్యర్థమని తలపోయలేదు. తోలు మోట, గిలక, మోకు కలిసి ఆక్రమించెడి చోటు చాపెడంత. వానిని పని చేయించుటకు విడిచిన చోటు కల్లమంత. యంత్రమునకు కావలసిన చోటు వేరు, యంత్రముతో పని చేయువానికి కావలసిన చోటు వేరు అను సంగతి మన పల్లెకు ఏనాడో తెలిసినదే.

చెరువు తూమును చూచినను ఇదే తెలియును. కాకతీయుల నాటి పెద్ద చెరువుల తూములయందు నిలువు రాతికంబములు నాటి, వానిపై అడ్డపలకలు పరచి యుండుట మనము చూచుచున్నాము. నీరు పోవునది అడుగున నున్న రంధ్రము గుండ. పైన నున్న పలక మనిషి కొరకు. నీరడి దానిపై కాలూని నిలిచి, వంగి, బిరడాను పైకి లాగవలెను. వానకాలమున, చీకటిలో, చెరువు నిండి అలలు కొట్టుచుండగా ఆ పని చేయవలసి వచ్చును. ఆ సమయమున నిలుచుటకు అడుగు చోటు లేనిచో తూము ఎంత చక్కగా చెక్కినదైనను ప్రయోజనము సున్న. శామీర్‌పేట పెద్దచెరువు వంటి తటాకముల క్రింద బ్రదికిన పల్లెలు ఈ నీరడి పనితనము మీదనే ఆధారపడి యుండెను.

ఇప్పుడు అదే ప్రాంతమున మరియొక నీటి యంత్రము వెలసినది. అంతస్తుమీద అంతస్తుగా లేచిన ఇండ్ల క్రింద, కర్మాగారముల ప్రక్క, సెల్లారు మూలలో ఒక గది యుండును. తలుపు మీద ‘ఫైర్ పంపు రూము’ అని ఎఱ్ఱని అక్షరములు. లోపల ఎఱ్ఱరంగు పూసిన గొట్టములు, రెండు మూడు పంపులు, ఒక డీజిల్ ఇంజను, గోడకు ఇనుప పెట్టె వంటి స్విచ్చిబోర్డు. ఇల్లు కొనువారు లిఫ్టును చూతురు, వంటగదిని చూతురు, కారు నిలుపు చోటును కొలుతురు. ఈ గదిని తెరిపించి చూచువారు అరుదు. తెరిపించినవారును పంపు శక్తి యెంత యని అడుగుదురేగాని, పంపు చుట్టును మనిషి తిరుగుటకు ఎంత చోటున్నదని అడుగరు. అగ్నిప్రమాదమున ఆ రెండవ ప్రశ్నయే మొదటి ప్రశ్న యగును. నేటి ప్రసంగము ఆ చోటు యొక్క చరిత్రను గూర్చినది.

నిప్పునార్పుటకు పంపును వాడుట ప్రాచీనమైన విద్య. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమున టెసిబియస్ అను శిల్పి రెండు గొట్టములలో ముషలములు ఆడునట్టి పంపును నిర్మించెను. రోమనులు ఆ విద్యను గ్రహించిరి. పిమ్మట శతాబ్దముల కొలది ఐరోపా దానిని మరచెను. తిరిగి మేలుకొనునప్పటికి నగరములు ఇరుకై పోయినవి.

1666 సెప్టెంబరులో లండను నగరము నాలుగు దినములు తగులబడిన కథ మన పాఠ్యపుస్తకములలో నున్నదే. అందలి ఒక చిన్న ఘట్టమును మాత్రము సాధారణముగా చెప్పరు. లండను వంతెన క్రింద 1582 నుండి నీటిచక్రములు తిరుగుచు, థేమ్సు నది నీటిని పంపుల ద్వారా వీధులకు అందించుచుండెను. అవి కొయ్యతో చేసినవి. అగ్ని వంతెన చెంతకు వచ్చినపుడు మొదట ఆ చక్రములే కాలిపోయినవి. నది ప్రక్కనే యున్నది, నీరు మాత్రము వీధికి రాలేదు. నిప్పునార్పవలసిన పంపు నిప్పుకే ఆహుతి యయ్యెను. పంపుగదికి నిప్పు చొరరాని గోడలు కావలెనని నేడు మనము వ్రాసికొన్న నియమమునకు వెనుక ఇట్టి అనుభవములు పెక్కు గలవు. ఆనాడు చక్రముల మీద లాగుకొని వచ్చిన చేతిపంపులును కొన్ని యుండెను గాని, లండను సందులలో వానిని త్రిప్పుటకే చోటు లేకపోయెను.

ఈ లోపమును గుర్తించినవారిలో రిచర్డ్ న్యూషామ్ ఒకడు. 1721లోను, 1725లోను ఆయన తన పంపులకు హక్కుపత్రములు పొందెను. ఆయన యంత్రము సన్నముగాను పొడవుగాను ఉండి ఇరుకు సందులలో గూడ పోగలుగుచుండెను. పనికి నిలిపినప్పుడు మాత్రము దాని రెండు ప్రక్కలను పొడవైన పిడులుండెను. మనుష్యులు వరుసలు తీరి వానిని పైకి క్రిందికి ఆడింతురు. మరికొందరు పైనెక్కి కాళ్లతో త్రొక్కుదురు. కాబట్టి ప్రయాణమునకు ఇరుకైనను చాలును, పనికి మాత్రము రెండు ప్రక్కలను ఖాళీ కావలెను. పంపు అనగా ఇత్తడి గొట్టము మాత్రమే కాదు, దాని చుట్టు నిలిచిన మనుష్యులు గూడ అను భావము ఆ యంత్రపు ఆకారములోనే ఇమిడి యున్నది.

ఆవిరియంత్రము రాగానే మనుష్యుల వరుస తొలగిపోయెను. 1829లో లండనులో బ్రెయిత్‌వెయిట్, ఎరిక్సన్ అను నిద్దరు ఆవిరి అగ్నిమాపక యంత్రమును చేసిరి. అటుపిమ్మట నూలుమిల్లులు తమ ఆవరణలలోనే పంపులను నిలుపుకొన జొచ్చెను. దూది దుమ్ము, నూనె, దీపపు మంట కలిసిన చోట అగ్నిమాపక బండి వచ్చువరకు వేచియుండుట సాధ్యము కాదు. 1874లో హెన్రీ పార్మెలీ, 1881లో ఫ్రెడరిక్ గ్రినెల్ అను అమెరికా దేశస్థులు వేడికి తమంతట తాము తెరచుకొని నీరు చల్లెడి స్ప్రింక్లరులను ఆచరణలోనికి తెచ్చిరి. గ్రినెల్ కాలము దాటిన పదునైదేండ్లకు, 1896లో, అమెరికాలో జాతీయ అగ్నిరక్షణ సంఘము ఏర్పడెను. దానికి ఊపిరి పోసినవారిలో భీమా సంస్థలవారు ముఖ్యులు. పరిహారము చెల్లించువాడే కదా నష్టమునకు కారణములను శ్రద్ధగా లెక్కించువాడు! గొట్టము కొలతలు, పంపు కొలతలు, గది కొలతలు అను క్రమమున వ్రాతనియమములు పెరుగుచు వచ్చెను.

ఇట్లు పంపు వీధినుండి గదిలోనికి వచ్చెను. రావడముతో ఒక మేలును, ఒక కీడును కలిగినవి. మేలు ఏమనగా, అది ఎల్లప్పుడును సిద్ధముగా నుండును. కీడు ఏమనగా, ఎవరి కంటికిని కనబడదు. కంటికి కనబడని దానికి చోటు తగ్గించుట మనుష్యస్వభావము.

ఇక మన ప్రాంతమునకు వత్తము. మోట పోయి ఆయిలింజను వచ్చిన కాలమున మన రైతులు ఒక ప్రకృతినియమమును ఎదుర్కొనవలసి వచ్చెను. పంపు నీటిని పీల్చునని మనమనుకొందుము గాని, నిజమునకు వాతావరణపు ఒత్తిడియే నీటిని పైకి నెట్టును. సముద్రమట్టమున ఆ ఒత్తిడి 10.3 మీటర్లకు మించి నీటిని నెట్టలేదు. హైదరాబాదు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున నున్నది గనుక ఇక్కడ అది 10 మీటర్లకును తక్కువ. గొట్టపు రాపిడి, కవాటముల అడ్డంకి పోగా ఆచరణలో మిగులునది ఆరేడు మీటర్లు. బావి అంతకంటె లోతైనచో గట్టుమీద నిలిపిన పంపు ఎంత బలమైనదైనను నీరు రాదు. అందుచేత రైతులు బావి ప్రక్కగోడలో గూడు వంటి అరను తొలిపించి, పంపును అందులోనికి దింపిరి.

ఆ అరయే మన పల్లెసీమలోని మొదటి ఇరుకు పంపుగది. దిగుటకు జారుడు మెట్లు. నిలుచుటకు అడుగున్నర చోటు. ఒకవైపు తిరుగుచున్న పట్టా, మరొకవైపు నీరు. ఇంజను పొగ పైకి పోవు మార్గము లేక బావిలోనే నిండును. డీజిల్ పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషవాయువు. అట్టి బావులలో స్పృహ తప్పుట, ప్రాణము కోల్పోవుట దేశమున పెక్కుచోట్ల జరిగినవే. పిమ్మట విద్యుత్ మోటార్లు, ఆ వెనుక బోరుబావులలో మునిగియుండెడి మోటార్లు రాగా రైతు ఆ అరలోనికి దిగవలసిన అవసరము తప్పినది. పొలమున తప్పిన ఇరుకు నగరపు మేడలలో మరల ప్రత్యక్షమయ్యెను.

దానికి హేతువు ఇది. అగ్నిమాపక పంపు సంవత్సరముల తరబడి ఊరకుండి, పిలిచిన నిమిషమున నీరీయవలెను. పీల్పు మీద ఆధారపడిన పంపు గొట్టములో గాలి చొరబడినచో వట్టిగా తిరుగును. అందుచేత నీరు తనంతట తానే పంపులోనికి వచ్చి నిలిచియుండునట్లు సంపు నీటిమట్టము కంటె దిగువన పంపును అమర్చవలెను. జాతీయ భవన నిర్మాణ స్మృతి యొక్క 2016 నాటి ప్రతి క్రిందినుండి పీల్చెడి అమరికను గాని, నీట మునిగెడి పంపులను గాని ఈ పనికి అనుమతింపదు. సంపు భూమిలో నుండును. పంపు దాని ప్రక్కన దిగువగా నుండవలెను. కనుక గది సెల్లారులోనికి దిగును. సెల్లారులో ప్రతి చదరపు గజమునకును కార్లు పోటీపడుచుండును. స్తంభములు, వాలుదారి, లిఫ్టు గుంట, మురుగునీటి తొట్టి అన్నియు తమ తమ భాగములు పంచుకొనగా మిగిలిన ముక్కయే పంపుగది యగుచున్నది.

ఆ ముక్కలో ఏమేమి ఇమడవలెనో చూతము. సాధారణముగా విద్యుత్తుతో నడచు పెద్ద పంపు ఒకటి. విద్యుత్తు పోయినచో నడచుటకు డీజిల్ ఇంజను పంపు ఒకటి. గొట్టములలోని చిన్న చిన్న కారుటలను పూరించి ఒత్తిడిని నిలుపుటకు జాకీ పంపు అనెడి చిన్న పంపు ఒకటి. వీనితోపాటు డీజిల్ తొట్టి, బ్యాటరీలు, వాని చార్జరు, వాల్వులు, స్విచ్చిబోర్డు. ఎక్కడనో ఒక స్ప్రింక్లరు తెరచుకొన్నను, నీటిగొట్టము విప్పినను ఒత్తిడి పడిపోవును. జాకీ పంపు చాలక పోగా పెద్ద పంపు తనంతట తాను ఆరంభమగును. ఇంతవరకు మనిషితో పని లేదు. అందుచేతనే ‘అంతయు ఆటోమేటిక్కు, చోటెందుకు?’ అని పలుకువారున్నారు.

కాని ఇక్కడ ఒక విశేషము గలదు. పెద్ద పంపు తనంతట తాను ఆరంభము కావలెను గాని, తనంతట తాను ఆగరాదు. నిప్పు ఇంకను రగులుచుండగా ఒత్తిడి పెరిగినదని పంపు ఆగిపోయినచో అనర్థము గనుక, దానిని మనిషియే వచ్చి ఆపవలెనని నియమము. అనగా యంత్రము హోరుమని తిరుగుచుండగా, ఇంజను వేడెక్కి యుండగా, ఒక్కొక్కప్పుడు దీపము లేక, నేలపై నీరుండగా మనిషి ఆ గదిలోనికి పోక తప్పదు. ఏ కారణము చేతనైనను పంపు ఆరంభము కానిచో, పోయి చేతితో ఆరంభించువాడును మనిషియే. పనిచేయు చోటు అనునది మరమ్మతుల నాటి సౌకర్యము మాత్రమే కాదు. మంటల నాటి అవసరము గూడ.

ఆ మనిషి చేయు పనులను తలచుకొందము. వాల్వు చక్రమును త్రిప్పవలెనన్నచో మోచేతులు రెండును విప్పారవలెను. కొన్ని వాల్వులకు తెరచినకొలది ఇనుపకాడ పైకి లేచును. దానికి తలపై చోటు కావలెను. పెద్ద పానా పట్టి మరను విప్పవలెనన్నచో పానా పొడవునకు చేతి ఊపు చేరినంత వృత్తము కావలెను. గోడ అడ్డమైనచో మర ఒక్క చుట్టును తిరుగదు. త్రాటిపేట్లు చుట్టిన గ్లాండు గల పంపులో నీరు బొట్లు బొట్లుగా కారుచుండవలెను. ఆ బొట్లను చూచుటకు ఫిట్టరు గొంతు కూర్చుండవలెను. కూర్చున్నవాని మోకాళ్లు నిలుచున్నవాని నడుము కంటె ఎక్కువ చోటు కోరును. మోటారును పీఠమునుండి ఎత్తి బయటకు తేవలెనన్నచో అది తలుపుగుండ పట్టవలెను. డీజిల్ ఇంజను పొగగొట్టము కాల్చునంత వేడిగా నుండును. దానికి కవచము కట్టి, పొగను నేలపై క్షేమమైన చోటికి తీసికొనిపోవలెను. లేనిచో వెనుకటి బావి అరలోని విషమే ఇక్కడను నిండును.

అన్నిటికంటె సున్నితమైనది స్విచ్చిబోర్డు ముందరి చోటు. ఈ విషయమున మన దేశపు నియమము ప్రాతదియు, వివేకవంతమైనదియు. 1956 నాటి భారత విద్యుత్ నియమములలో 51వ నియమము స్విచ్చిబోర్డు ముందు ఒక మీటరుకు తగ్గని ఖాళీ, అనగా మన మూడడుగుల చిల్లర, ఉండవలెనని చెప్పినది. బోర్డు వెనుక తెరపిగా నున్న విద్యుత్ భాగములున్నచో, అక్కడి చోటు 20 సెంటీమీటర్లకు తక్కువగా నైనను ఉండవలెను, లేదా 75 సెంటీమీటర్లకు ఎక్కువగా నైనను ఉండవలెను. 75 మించినచో రెండు కొసలనుండియు 1.8 మీటర్ల ఎత్తున అడ్డు లేని దారి యుండవలెను. ఆ నియమముల స్థానమున వచ్చిన 2010 నాటి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలలోను ఈ కొలతలు నిలిచినవి.

ఇరువది కంటె తక్కువ, లేదా డెబ్బదియైదు కంటె ఎక్కువ. నడిమి కొలతకు ఏల చోటు లేదు? ఆలోచించినచో ఇది మానవశరీరమును బట్టి పుట్టిన లెక్క యని తేలును. ఇరువది సెంటీమీటర్ల సందులో మనిషి దూరలేడు. కనుక ప్రమాదము లేదు. డెబ్బదియైదు దాటిన చోట మనిషి పోగలడు, తిరుగగలడు, వెనుకకు రాగలడు. ఈ రెంటికి నడుమనున్నది మృత్యుస్థానము. అందులోనికి దూరవచ్చును, దూరిన పిదప మరలలేడు. వెన్ను గోడకు, రొమ్ము కరెంటు తీగకు ఆని యుండును. అరకొర చోటు అసలు చోటు లేకపోవుట కంటె అపాయకరమని ఇంత సంక్షేపముగా చెప్పిన శాస్త్రవాక్యము మరియొకటి అరుదు.

అమెరికా విద్యుత్ స్మృతియు ఇట్టి లెక్కనే చేసినది. బోర్డునకు ఎదురుగా విద్యుత్ భాగములు గాని, భూమితో సంబంధము గల గోడ గాని లేనిచో మూడడుగులు చాలును. మన సాధారణ మూడు ఫేజుల వంటి విద్యుత్తునకు, ఎదుట కాంక్రీటు లేదా ఇటుక గోడ యున్నచో మూడున్నర అడుగులు. ఎదుట గూడ తెరచిన విద్యుత్ భాగములే యున్నచో నాలుగు అడుగులు. మనిషి తూలి వెనుకకు పడినప్పుడు దేనిని తాకును అను ఊహ మీద ఈ అరయడుగుల భేదము నిలిచి యున్నది. ఆ స్మృతి మరియొక మాటయు చెప్పినది: ఈ పనిచోటును సామాను పెట్టుకొనుటకు వాడరాదు.

భవనముల విషయమున మన దేశమును మేల్కొలిపిన దుర్ఘటన 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో జరిగినది. ఫోర్ట్ స్టికీన్ అను ఓడలో దూదియు, ప్రేలుడు పదార్థములును కలిసి యుండగా నిప్పంటుకొని ప్రేలెను. నిప్పునార్పబోయిన 66 మంది అగ్నిమాపక వీరులు ప్రాణములర్పించిరి. నేటికిని ఏటేట ఆ దినమునుండి దేశమంతట అగ్నిమాపక వారోత్సవములు జరుగును. 1970లో జాతీయ భవన నిర్మాణ స్మృతి మొదటిసారి వెలువడెను. 1983, 2005, 2016 సంవత్సరములలో సవరింపబడెను. దాని నాలుగవ భాగము అగ్నిరక్షణకు, ప్రాణరక్షణకు సంబంధించినది. మన రాష్ట్రమున 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టము ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలమునుండి వచ్చినది.

పంపుగదిని గూర్చి ఆ స్మృతి చెప్పిన మాటలు కొన్ని ఇంటింటను తెలియవలసినవి. గది నేలమట్టమున నుండుట మేలు. సెల్లారులో నున్నచో రెండవ సెల్లారు కంటె దిగువన ఉండరాదు. నేలమట్టమునుండి నేరుగా మెట్లుండవలెను; ఇతర గదుల గుండ దారి వెదకికొని పోవలసిన స్థితి కూడదు. గోడలును తలుపును రెండు గంటలు నిప్పును ఆపగలవిగా నుండవలెను. లండను వంతెన క్రింది కొయ్యచక్రములను మరచిపోరాదు. గాలి ఆడవలెను, నీరు నిలువరాదు. ఇతరమైన పరికరములు అందులో పెట్టరాదు. పంపులు, వాల్వులు, డీజిల్ తొట్టి, విద్యుత్ బోర్డు అన్నియు ఇమడునంత పెద్దదిగా గది యుండవలెను.

ఇమడుట యనగా నేమి? ఇక్కడనే గృహనిర్మాతకును ఫిట్టరునకును అర్థభేదము. ఉదాహరణకు ఒక గది వెడల్పు 5 మీటర్లనుకొందము. ఒక్కొక్కటి మీటరు వెడల్పు గల పీఠములు మూడు. పీఠములు ఇమిడినవి, ఇంకను 2 మీటర్లు మిగిలినవి; నిర్మాత సంతోషించును. కాని మూడు పీఠములకు నడుమ రెండు సందులు, గోడల వెంట రెండు సందులు, మొత్తము నాలుగు సందులు గలవు. 2 మీటర్లను నాలుగిట పంచగా ఒక్కొక్క సందుకు 50 సెంటీమీటర్లు. పైన చెప్పిన ఇరువదికిని డెబ్బదియైదునకును నడిమి కొలత! ఆ నియమము స్విచ్చిబోర్డు కొరకు పుట్టినదే యైనను, అందలి వివేకము ఇక్కడను పనికివచ్చును. ప్రతి సందుకును మీటరు చొప్పున విడువవలెనన్నచో గది 7 మీటర్లు ఉండవలెను. ఆ తక్కువైన 2 మీటర్ల ఖరీదును ఫిట్టరు తన వెన్నుతోను, గృహస్థు తన ధైర్యముతోను చెల్లించుచున్నారు.

గది చాలినంతగా కట్టినను కథ ముగియదు. ఖాళీ చోటు మన కంటికి వ్యర్థముగా తోచును. వినాయకచవితి ముగియగనే పందిరి గుంజలు దానిలోనికి చేరును. బతుకమ్మ నాటి దీపాల తీగలు, సంఘపు సమావేశముల ప్లాస్టిక్ కుర్చీలు, సగము వాడిన రంగుడబ్బాలు, ఎవరివో పాత పరుపులు ఒక్కటొక్కటిగా వచ్చి స్విచ్చిబోర్డు ముందరి మూడడుగులను ఆక్రమించును. గది తాళపుచెవి వాచ్‌మన్ వద్ద; వాచ్‌మన్ సెలవు మీద ఊరికి పోయిన దినమున ఆ తాళపుచెవి జాడ ఎవరికిని తెలియదు. నిమిషమునకు 2,280 లీటర్ల నీటిని నెట్టగల పంపు అట్టి సామాను వెనుక నిలిచి యుండును. లక్ష లీటర్ల సంపును అట్టి పంపు ముప్పావు గంటలోపల ఖాళీ చేయగలదు. ఆ నిమిషములలో పది నిమిషములు కుర్చీలు తొలగించుటకే పోయినచో మిగిలిన శక్తికి అర్థమేమి?

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములకు ఈ మాటలు ప్రత్యేకముగా వర్తించును. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడినది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఈ రెండు ఊళ్ల దాపునను సాగుచున్నది. శామీర్‌పేట మండలపు తుర్కపల్లి పరిసరములలో జీనోమ్ వ్యాలీ వెలసి, అక్కడ తయారైన టీకాలు దేశదేశములకు పోయినవి. 2015 చివర గోదావరి జలములు ఎల్లంపల్లినుండి పంపుల మీద పంపులుగా ఎక్కివచ్చి ఈ ప్రాంతపు ఘన్‌పూర్ జలాశయమునకు చేరినవి. మోటతో ఆరంభమైన నీటిబరువు మోయు విద్య ఇంత దూరము వచ్చినది. పొలములుండిన చోట నేడు మేడలు లేచుచున్నవి. ఆ మేడలలో చాలవాని పునాదులు ఇంకను పడవలసియే యున్నవి. కట్టిన పిదప గోడ జరుపుట కష్టము. కాగితము మీద గీత జరుపుట సులభము. కావున మాట చెప్పుటకు ఇదియే సమయము.

మన నగరము ఇటీవల చూచిన అగ్నిప్రమాదములు మనసునుండి తొలగలేదు. 2023 మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ భవనమున ఆరుగురు యువతీయువకులు పొగకు బలియైరి. 2025 మే 18న గుల్జార్ హౌజ్ చెంత ఒక ఇంట పదునేడుగురు మరణించిరి. అందులో పసిబిడ్డలు గూడ నున్నారు. వీనికి పంపుగదులే కారణమని చెప్పుట లేదు. ప్రతి ప్రమాదమునకు కారణములు వేరు వేరు. కాని ఇట్టి ప్రతి ఘటనయందును ఒక మాట వినబడుచుండును: దారి ఇరుకు, చోటు లేదు. మెట్లకైనను, వీధికైనను, పంపుగదికైనను ఖాళీ చోటు అనునది ప్రాణవాయువు వంటిది. ఉన్నన్నినాళ్లు కనబడదు, లేనినాడు తెలియును.

కాబట్టి గృహస్థులు ఒక చిన్న పని చేయవచ్చును. ఈ ఆదివారము పంపుగది తాళము తీయించుడు. స్విచ్చిబోర్డు ముందు నిలిచి రెండు చేతులు చాపుడు. పంపు చుట్టును ఒక్కసారి ప్రదక్షిణముగా నడచి చూడుడు. భుజము గోడకు తగులకుండ, కాలు దేనికిని తట్టుకొనకుండ తిరిగి తలుపు చేరగలిగితిరా, మీ ఫిట్టరును చేరగలడు. చేరలేకపోతిరా, మీరు పట్టపగలు, దీపము వెలుగులో, నింపాదిగా చేయలేని పనిని అతడు అర్ధరాత్రి పొగలో చేయవలెనని కోరుచున్నారన్నమాట.

వామనుడు బలిచక్రవర్తిని అడిగినది మూడడుగుల నేల. ఎంత స్వల్పమని బలి నవ్వుకొనెను. ఆ మూడడుగులలో ముల్లోకములును ఇమిడినవి. పంపు చెంత నిలుచు ఆ పనివాడును మనలను అడుగుచున్నది మూడడుగులే.